ముప్పై గ్రాముల సీసం, ఒక వంకర చక్రం

నేను చదివింది మెకానికల్, చేసేది జావా. మనలో ఇలాంటివాళ్ళకి కొదవేం లేదు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. మూడో సంవత్సరంలో డైనమిక్స్ ఆఫ్ మెషినరీ అనే పేపరుండేది. తిరిగే బరువుల్ని బ్యాలెన్స్ చెయ్యడం మీద లెక్క ఖాయంగా వచ్చేది, మార్కులు కూడా బాగానే పడేవి. ఆ లెక్క నా సొంత కారు కింద తిరుగుతోందని మాత్రం మొన్న వానాకాలం దాకా తట్టలేదు.

జరిగింది చెప్తాను. నాన్నని తీసుకుని విజయవాడ వెళ్తుంటే నీళ్ళు నిండిన గుంత ఒకటి కనపడక ముందు చక్రం ధడేల్మని దిగింది. అప్పటికి ఏమీ కాలేదు. హైవే ఎక్కి తొంభై దాటగానే స్టీరింగ్ వణకడం మొదలు. ఎనభైకి తగ్గిస్తే మాయం! తిరిగొచ్చాక ఒక షాపులో అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించాను. తగ్గలేదు. మళ్ళీ వెళ్తే ఇంకొన్ని సీసం ముక్కలు కొట్టి పంపారు. మూడోసారి మెషిన్ స్క్రీన్ మీద రెండు సున్నాలు చూపించి "చూడండి సార్, పర్ఫెక్ట్" అన్నారు. సున్నాలు చూసి నమ్మేశాను. మన వృత్తిలో కూడా అంతే కదా, టెస్టులన్నీ పచ్చగా ఉంటే ఇక బగ్ యూజర్ బుర్రలోనే ఉన్నట్టు :)

అసలు ఈ సున్నాల వెనక ఉన్న కథేంటో చూద్దామని కూర్చుంటే నూట యాభై ఏళ్ళ చరిత్ర బయటపడింది.

బ్యాలెన్సింగ్ గొడవ కార్లతో మొదలవలేదు. 1866లో సీమెన్స్ డైనమో వచ్చింది. యంత్రాలు అంతకుముందు ఎన్నడూ లేనంత వేగంగా తిరగడం మొదలైంది. నాలుగేళ్ళకే, 1870లో, కెనడాలో హెన్రీ మార్టిన్సన్ అనే ఆయన బ్యాలెన్సింగ్ పద్ధతి మీద పేటెంటు తీసుకున్నాడు. తర్వాత జర్మనీలో ఫ్రాంజ్ లావాచెక్ 1907లో మెరుగైన యంత్రం తయారుచేస్తే, దాని హక్కులు డార్మ్‌స్టాట్ ఊళ్ళోని కార్ల్ షెంక్ కంపెనీ కొనుక్కుంది. అదంతా టర్బైన్లు, మోటార్ల కోసం. కారు చక్రం గురించి అప్పట్లో ఎవరికీ పెద్ద పట్టింపు లేదు.

ఎందుకు లేదంటే వేగం లేదు కాబట్టి. డన్‌లప్ గాలి టైరు 1888లో వచ్చింది. మిషెలిన్ సోదరులు 1895లో పారిస్ - బోర్డో - పారిస్ రేసులో గాలి టైర్లు వేసిన కారు నడిపి, దారి పొడుగునా పంచర్లు వేసుకుంటూ వెళ్ళారు. టైరు ఇంటిదాకా వస్తే చాలనుకునే రోజుల్లో వణుకు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

ఇక్కడ ఆ మూడో సంవత్సరం లెక్క ఒకసారి వేద్దాం. పద్నాలుగు అంగుళాల రిమ్ అంచున ముప్పై గ్రాములు ఎక్కువున్నాయి అనుకోండి. కారు గంటకి 100 కిలోమీటర్ల మీద ఉంటే చక్రం సెకనుకి దాదాపు 15 సార్లు తిరుగుతుంది. అప్పుడు ఆ ముప్పై గ్రాములు చక్రాన్ని బయటికి లాగే బలం సుమారు నాలుగున్నర కిలోల బరువుతో సమానం. అంటే సెకనుకి పదిహేనుసార్లు ఎవరో చిన్న సుత్తితో బాదుతున్నట్టే. వేగం సగమైతే ఆ బలం సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే ఊళ్ళో తిరిగేటప్పుడు ఏమీ తెలియదు. పైగా సస్పెన్షన్ కింద వేలాడే చక్రానికి సహజంగా ఊగే వేగం కూడా సెకనుకి పది పదిహేను సార్ల దగ్గరే ఉంటుంది. రెండూ కలిసిన చోట, అంటే మామూలు కార్లలో 80 - 110 మధ్య, వణుకు పేట్రేగిపోతుంది. నా స్టీరింగ్ తొంభై దగ్గర ఎందుకు ఏడ్చిందో నాకప్పుడు అర్థమైంది.

కార్లవాళ్ళకి ఈ నెప్పి బాగా తెలిసొచ్చింది 1920లలో. 1923లో ఫైర్‌స్టోన్ తక్కువ గాలితో నడిచే బెలూన్ టైర్లు తెచ్చింది. ప్రయాణం మెత్తబడింది కానీ కొత్త దయ్యం పట్టుకుంది. దాని పేరు షిమ్మీ. అప్పటి కార్లలో ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకి ఉండేవి. ఒక చక్రం పైకి లేస్తే ఇరుసు వాలుతుంది, ఇరుసు వాలితే తిరుగుతున్న చక్రం బొంగరంలా పక్కకి తిరగబోతుంది, అది రెండో చక్రాన్ని లాగుతుంది. అలా ముందు భాగం మొత్తం జ్వరమొచ్చినట్టు వణికేది. రోల్స్‌రాయిస్‌లో పనిచేసి 1930లో జనరల్ మోటార్స్‌లో చేరిన మారిస్ ఆలీ దీని వెంటపడ్డాడు. ఆయన ఒక చక్రం బాధ రెండో చక్రానికి అంటకుండా విడగొట్టమన్నాడు. 1934 మోడళ్ళలో జనరల్ మోటార్స్ కార్లకి ముందు చక్రాల సస్పెన్షన్ విడివిడిగా వచ్చింది. మన భాషలో చెప్పాలంటే టైట్ కప్లింగ్ తీసేశారు.

దాంతో కార్లు ఇంకా వేగంగా పోవడం మొదలుపెట్టాయి, చక్రం కుదురుగా ఉండాల్సిన అవసరం ఇంకా పెరిగింది. మొదట్లో పద్ధతి చాలా సులువు. చక్రాన్ని ఇరుసు మీద వదిలేస్తే బరువున్న వైపు కిందికొచ్చి ఆగుతుంది, ఎదురుగా పైన ఒక ముక్క తగిలించడమే. తర్వాత నీటి బుడగ చూసి సరిచేసే స్టాండ్లు వచ్చాయి. ఇవి చక్రం పైకీ కిందికీ ఎగరడాన్ని పట్టుకుంటాయి కానీ, లోపలి అంచున ఒక చోట, బయటి అంచున దానికి సరిగ్గా ఎదురు చోట బరువుంటే పట్టుకోలేవు. ఆగి ఉంటే ఆ చక్రం బుద్ధిమంతురాలే, తిప్పితేనే పక్కలకి ఊగుతుంది. అందుకే తిప్పి చూసే మెషిన్లు. 1970లలో వాటిలోకి ఎలక్ట్రానిక్స్ దూరాయి. ఇవాళ మనం షాపులో చూసే రెండు సున్నాలు అప్పటి వారసత్వమే, ఒకటి లోపలి అంచుది, ఒకటి బయటి అంచుది.

ఇప్పుడు అసలు మెలిక. ఆ మెషిన్ కొలిచేది బరువుని మాత్రమే, ఆకారాన్ని కాదు. గుడ్డులా నొక్కుకుపోయిన చక్రానికి కూడా ముక్కలు కొట్టి సున్నా తెప్పించొచ్చు. కానీ రోడ్డు మీద అది గుడ్డులాగే దొర్లుతుంది. ఈ సంగతి మెషిన్లు చేసేవాళ్ళకి తెలియక కాదు. అమెరికాలోని హంటర్ కంపెనీ 1990ల చివర్లో టైరుని ఒక రోలర్‌తో నొక్కుతూ తిప్పి చూసే మెషిన్ తెచ్చింది. నేను వెళ్ళిన షాపులో అది లేదు, రిమ్ వంక చూసినవాళ్ళూ లేరు.

నాలుగోసారి వేరే చోటికి వెళ్ళాను. రేకుల షెడ్డు, పెద్దాయన ఒక్కడే. ముందు పాత సీసం ముక్కలన్నీ పీకేశాడు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రిమ్ లోపలి అంచు దగ్గర స్క్రూడ్రైవర్ కదలకుండా పట్టుకున్నాడు. ఒక చోట సందు కనపడింది, ఒక చోట టిక్‌మని తగిలింది. "రిమ్ ఔట్ సార్. లోపలివైపు. బయటికి కనపడదు" అన్నాడు.

పక్కనే ఉన్న నాన్న నవ్వారు. "మీ తాతయ్య బండి చక్రానికి ఇలాగే బొగ్గుముక్క పట్టేవాడ్రా. మసి ఎక్కడంటితే అక్కడ చెక్కేవాడు" అన్నారు. మా తాతయ్య వడ్రంగి. ఆకులు బిగించి, కమ్మరి కాల్చిన ఇనప పట్టా ఎక్కించి నీళ్ళు పోసేముందు చక్రం గుండ్రంగా ఉందో లేదో చూసుకునేవాడట. ఎక్కువున్న చోట తీసెయ్యడమే తప్ప తక్కువున్న చోట ఏదో అతికించి సర్దెయ్యడం ఆయనకి తెలియదు. నాలుగేళ్ళ డిగ్రీ చేతిలో పెట్టుకుని నేను మూడుసార్లు అతికించుకుని వచ్చాను.

రిమ్ సాగగొట్టి ఇమ్మని అడిగితే పెద్దాయన ఒప్పుకోలేదు. స్టీల్ రిమ్ అయితే కొంతవరకు వంగుతుంది, మళ్ళీ వస్తుంది. అల్లాయ్ అలా కాదు, దాని బలం తయారీలో ఇచ్చిన వేడి ప్రక్రియలోంచి వస్తుంది. మళ్ళీ కాల్చి కొడితే గుండ్రంగా కనపడొచ్చు, లోపల బలం పోతుంది, సన్నటి పగుళ్ళు కూడా రావచ్చు. "ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుంటారు కదా" అని ఒక్క మాటన్నాడు. కొత్త రిమ్ కొన్నాను.

ఆయన పీకిన సీసం ముక్కలు కింద పడేయకుండా డబ్బాలో వేసుకోవడం గమనించాను. దానికీ ఒక చరిత్రుంది. అమెరికాలో ఆల్బకర్కీ ఊళ్ళో రాబర్ట్ రూట్ అనే పరిశోధకుడు రోడ్డు పక్కన నడుస్తూ చక్రాల నుంచి రాలిన సీసం ముక్కలు ఏరి లెక్కకట్టి 2000లో ప్రచురించాడు. అవి బండ్ల కింద నలిగి దుమ్మైపోతాయి. మన దేశంలో పెట్రోల్లోంచి సీసం తీసేసింది కూడా సరిగ్గా ఆ 2000లోనే. ఐరోపా సమాఖ్య 2005 జూలై నుంచి, కాలిఫోర్నియా 2010 నుంచి సీసం బరువుల్ని ఆపేశాయి. వాటి బదులు ఇనుము, జింకు వాడుతున్నారు.

మీ స్టీరింగ్ వణికితే డబ్బు కట్టేముందు రెండు పనులు చేయించండి. పాత బరువులు తీయించి, రిమ్ రెండు అంచులకీ ఏదైనా మొన ఆనించి తిప్పించి చూడండి, లోపలి అంచు ముఖ్యం. ఒక మిల్లీమీటరుకి మించి ఆడుతుంటే అనుమానించాల్సిందే. రిమ్ బాగుండి టైరు ఆడుతుంటే టైరుని రిమ్ మీద సగం చుట్టు తిప్పి బిగించి చూడమనండి. ఆ తర్వాతే బ్యాలెన్సింగ్.

మొన్న మళ్ళీ విజయవాడ వెళ్ళొచ్చాం. వంద దగ్గర నాన్న స్టీరింగ్ మీద వేలు ఆనించి చూసి, ఏమీ అనకుండా సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయారు.