అడవిలోని పరిచారిక

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పాఠక మహాశయులకు ఒక పరిచారికను జ్ఞాపకము చేయ సంకల్పించితిని. ఆమె పేరు రేగళ్ళ అచ్చమాంబ. ఆ పేరు వినగానే పలువురికి కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైన డాక్టరు అచ్చమాంబగారు స్ఫురింతురు. నేను చెప్పనున్నది వేరొక అచ్చమాంబను గూర్చి. ఈమెకు పట్టము లేదు, పదవి లేదు. అడవియే ఈమెకు వైద్యశాల.

తెలంగాణ రైతాంగ సాయుధపోరాటము 1946లో చెలరేగి 1951 అక్టోబరులో విరమింపబడినది. 1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి నిజాము పాలన ముగిసిన పిదప, పెక్కు దళములు మైదానములను వీడి ఇల్లెందు, పాల్వంచ అడవులకును, గోదావరీ పరిసరములకును చేరెను. ఆనాడు పాల్వంచ హైదరాబాదు సంస్థానములోనిది, భద్రాచలము మద్రాసు రాష్ట్రములోనిది. 1959లో గాని భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలియలేదు. ఎన్ని ప్రభుత్వములున్నను అడవిలోని చలిజ్వరము ఒక్కటే. గాయపడినవాడు పట్టణపు ఆసుపత్రికి పోయెనా, పట్టుబడుట తథ్యము. కావున వైద్యము తెలిసిన చేయి దళములోనే ఉండవలసి వచ్చెను.

అట్టి చేయి అచ్చమాంబది. ఆమె కళాశాలలో చదివినది కాదు. ఉద్యమములోనే వైద్యసేవ నేర్చి, దళమువారికి చికిత్స చేయుచు అడవులలో తిరిగినది.

చికిత్సకు నాలుగు పాదములని చరకసంహిత చెప్పుచున్నది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి నాలుగు గుణములు ఉండవలెనట: ఉపచారము తెలియుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము. దీపము వెలిగించిన జాడ తెలియునట్టి చోట, మందులు చాలని చోట, ఈ నాలుగింటిని నిలుపుకొనుట ఎంత కష్టమో చదువరులే ఊహింపవచ్చును. అక్కడ పరిచారికయే వైద్యుడు. ఒక్కొక్కప్పుడు ఆమె ధైర్యవచనమే ఔషధము.

పరిచారికను తలచినపుడు తల్లిని మరువరాదు. అదే పోరాటమున కమలమ్మ అను నామె అడవిలో బిడ్డను కన్నది. పసికందు ఏడ్చిన దళము జాడ బయటపడును. ఆ తల్లి తన బిడ్డను పరులకు పెంపునకిచ్చి మరల అడవి దారి పట్టినది. మన పర్ణశాలను చూచి సీతమ్మ వనవాసమునకు కన్నీరు పెట్టుకొనువారము మనము. సీతమ్మ కవలలను కన్నప్పుడు వాల్మీకి ఆశ్రమమైనను ఉండినది, బిడ్డలు ఆమె యొడిలోనే పెరిగిరి. కమలమ్మకు ఆ పాటి నీడయు లేదు.

పోరాటము విరమించిన పిమ్మట స్త్రీలను ఇండ్లకు పొమ్మనిరి. ఏ ఇంటికి? కొందరికి ఇల్లు మిగులలేదు. ఇల్లున్నను కొందరిని లోకము అనుమానముతో చూచినది. తుపాకి పట్టినవారి పేర్లు చరిత్రకెక్కినవి. గాయము కడిగినవారి పేర్లు చాలకాలము ఎక్కలేదు. స్త్రీశక్తి సంఘటన వారు ఇంటింటికి పోయి, ఈ వృద్ధస్త్రీల మాటలను వారి నోటనే విని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథముగా ప్రకటించిరి. అచ్చమాంబయు కమలమ్మయు అందు మాటలాడుచున్నారు. ఆ గ్రంథమే లేకున్న వారు మనకు దక్కెడివారు కారు.

ఆ పోరాటమార్గమును మెచ్చువారు కలరు, మెచ్చనివారును కలరు. ఆ వాదము ఇచట అనవసరము. జ్వరపడినవాని నుదుట తడిగుడ్డ వేసిన చేతికి పక్షమేమి?

నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. ఖాతాకెక్కనంత మాత్రమున బాకీ తీరినట్లు కాదని నా వృత్తి నాకు నేర్పినది. మన యూరిలోను కాన్పులు చేసిన మంత్రసానులు, వానకాలపు వాగులు దాటి మందులు మోసికొనివచ్చిన నర్సమ్మలు కలరు. వారిలో వృద్ధులైనవారి జ్ఞాపకములు వారితోనే పోనీయరాదు. ఈ రజతోత్సవమున మన గ్రంథాలయమువారు ఒక తెల్లకాగితముల పుస్తకమును బల్లమీద ఉంచవలెనని నా విన్నపము. చదువు వచ్చిన ప్రతి యువకుడును, యువతియు తమ వీధిలోని ఒక్క వృద్ధురాలి కథనైనను విని అందు వ్రాయవలెను. స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకము నిండియుండిన, ఈ గ్రంథాలయము మన ఋణములో కొంతయైనను తీర్చినదగును.