సత్యం ఇన్ఫోవే కథ: 320 డాలర్ల నుంచి 5 డాలర్ల 60 సెంట్ల దాకా

ఇవాళ ఒక కంపెనీ గురించి మాట్లాడుకుందాం. పేరు చెబితే పాతికేళ్ళ లోపు పిల్లలకి తెలియదు. నలభై దాటిన వాళ్ళకి మాత్రం వెంటనే ఇంటర్నెట్ సెంటర్ గుర్తొస్తుంది. చెక్క అరలు, నీలం కర్టెన్లు, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని "అమ్మా, వినపడుతోందా" అని గట్టిగా అరిచే జనం. ఆ కంపెనీ సిఫీ. పుట్టినప్పుడు పేరు సత్యం ఇన్ఫోవే.

ముందే ఒక అపోహ తీసేద్దాం. సత్యం అనగానే 2009 జనవరి 7, రామలింగరాజు గారి ఉత్తరం గుర్తొస్తాయి. అందుకే చాలామంది "ఆ స్కాంలోనే సిఫీ కూడా పోయింది కదండీ" అంటుంటారు. కాదు. సిఫీ పడిపోయింది అంతకు ఏడెనిమిదేళ్ళ ముందు. ఆ పతనంలో దొంగలెక్కల కథ లేదు. అన్నీ బహిరంగంగానే, అమెరికా మార్కెట్ రూల్సు ప్రకారం, కాగితాల మీద రాసిపెట్టి మరీ జరిగాయి. నాకు ఆసక్తిగా అనిపించేది అదే. మోసం లేకుండానే ఒక కంపెనీ విలువ అరవయ్యో వంతుకి ఎలా దిగింది?

సరే, మొదటికి వెళ్దాం. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. ఇచ్చింది విదేశ్ సంచార్ నిగమ్, అంటే వీఎస్ఎన్ఎల్, ప్రభుత్వ సంస్థ. బొమ్మలతో సహా కనిపించే కనెక్షన్ కావాలంటే ఏడాదికి 15,000 రూపాయలు. విద్యార్థులకైతే 500 రూపాయలకి ఒట్టి అక్షరాలు మాత్రమే కనిపించే ఖాతా. అదీ పెద్ద నగరాల్లోనే. గుంటూరులోనో ఒంగోల్లోనో కూర్చుని వాడాలంటే దూరపు నగరానికి ఎస్టీడీ కాల్ చేసి కలపాలి. ఎస్టీడీ బిల్లు ఎంతొచ్చేదో ఆ కాలం వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

అదే 1995 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్‌కి పిల్ల కంపెనీగా సత్యం ఇన్ఫోవే పుట్టింది. తల్లి కంపెనీ హైదరాబాదు, పిల్ల కంపెనీ చెన్నై. నడిపింది ఆర్. రామరాజ్. 1998 నవంబరులో ప్రభుత్వం ఇంటర్నెట్ సేవని ప్రైవేటు వాళ్ళకి తెరిచింది. తెరవగానే లోపలికి దూకిన వాళ్ళలో వీళ్ళు ముందున్నారు. సత్యం ఆన్‌లైన్ అని పేరు పెట్టి గంటల లెక్కన కనెక్షన్లు అమ్మారు. సీడీ, యూజర్ నేమ్, పాస్‌వర్డ్. మోడెం కీచుమని అరిచేది, ఫోను ఎంగేజ్ అయిపోయేది, ఇంట్లో పెద్దవాళ్ళు తిట్టేవాళ్ళు. ప్రైవేటు వాళ్ళలో దేశవ్యాప్తంగా వీళ్ళే పెద్ద.

ఇప్పుడు డబ్బు సంగతి. 1999 అక్టోబరులో సత్యం ఇన్ఫోవే అమెరికాలో నాస్‌డాక్‌లో లిస్టయింది. అక్కడికెక్కిన మొదటి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ ఇదే. అమ్మిన ధర వాటాకి 18 డాలర్లు. దాదాపు 48 లక్షల వాటాలు అమ్మారు. ఖర్చులు పోను చేతికొచ్చింది 7 కోట్ల 90 లక్షల డాలర్ల పైన.

నాలుగు నెలలు తిరిగాయి. 2000 ఫిబ్రవరిలో మళ్ళీ వాటాలు అమ్మారు. ఈసారి అదే వాటా లెక్కన ధర 320 డాలర్లు. పద్దెనిమిది ఎక్కడ, మూడొందల ఇరవై ఎక్కడ! ఈసారి అమ్మింది 4 లక్షల 67 వేల వాటాలే, అంటే మొదటిసారి అమ్మినదాంట్లో పదో వంతు. వచ్చింది మాత్రం 14 కోట్ల డాలర్ల పైన. ఈ నాలుగు నెలల్లో కంపెనీ వ్యాపారం పదిహేడు రెట్లు పెరిగిందా? లేదు. పెరిగింది కొనేవాడి ఆత్రం.

గుంటూరు మిర్చి యార్డు తెలిసిన వాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. ధర పలకడం వేరు, సరుకు అమ్ముడుపోయి సొమ్ము చేతికి రావడం వేరు. క్వింటా ఇంత పలికిందని యార్డులో మాట పుడుతుంది. ఆ మాట విని ఊళ్ళో ఉన్న వాడు టిక్కీలు కోల్డ్ స్టోరేజిలో పెట్టి ఇంకా పెరుగుతుందని కూర్చుంటాడు. పలికిన ధరకి అమ్మినవాడు బాగుపడ్డాడు. ఆ ధర చూసి తన దగ్గరున్న సరుకు మొత్తాన్ని దాంతో హెచ్చవేసుకున్నవాడి ఆస్తి కాగితం మీదే ఉంది. నిజం చెప్పాలంటే సత్యం ఇన్ఫోవే ఇక్కడ తెలివైన రైతులాగానే ప్రవర్తించింది. ధర పలికినప్పుడు అమ్మింది. మరి తప్పెక్కడ జరిగింది? అమ్మిన సొమ్ముతో ఏం కొన్నారు అనే దగ్గర.

1999 నవంబరు. ముంబైలో రాజేష్ జైన్ అనే ఆయన ఇండియావరల్డ్ అని కొన్ని వెబ్‌సైట్లు నడుపుతున్నారు. వార్తలకి సమాచార్, క్రికెట్టుకి ఖేల్, వెతకడానికి ఖోజ్, వంటలకి బావర్చి. (బావర్చి అంటే హైదరాబాదు బిర్యానీ హోటలు కాదు లెండి.) వీటిని సత్యం ఇన్ఫోవే కొంటున్నట్టు ప్రకటించింది. ధర 499 కోట్ల రూపాయలు. అప్పటి లెక్కలో 11 కోట్ల 50 లక్షల డాలర్లు. ఫ్యాక్టరీ లేదు, భూమి లేదు, గోడౌను లేదు. దేశమంతా నోరెళ్ళబెట్టింది. పేపర్లలో మొదటి పేజీ వార్త. కాలేజీ కుర్రాళ్ళంతా డాట్‌కామ్ పెడదాం అనుకున్నది అప్పుడే.

బేరం రెండు దశల్లో, కొంత నగదు, కొంత సొంత షేర్లు ఇచ్చి, 2000 మధ్యలో పూర్తి చేశారు. ఈ లోపల ఏమైంది? 2000 మార్చి 10న నాస్‌డాక్ సూచీ 5,048 దగ్గర శిఖరం తాకింది. అక్కడి నుంచి పతనం. 2002 అక్టోబరుకి 1,100 చిల్లర. డాట్‌కామ్ అనే మాటే తిట్టయిపోయింది. ఇండియావరల్డ్‌కి పెట్టిన సొమ్ములో ఎక్కువ భాగాన్ని తర్వాతి ఏళ్ళలో పుస్తకాల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది.

అయితే ఒక్క కొనుగోలు మీదే నెపం నెట్టడం నాకు సరిగా అనిపించదు. అసలు బలహీనత వ్యాపారంలోనే ఉంది. ఇది కొంచెం నిదానంగా చూద్దాం.

డయలప్‌లో మీ ఇంటికొచ్చే తీగ ఎవరిది? టెలిఫోన్ శాఖది, తర్వాత బీఎస్ఎన్ఎల్‌ది. మీరు ఇంటర్నెట్ వాడిన ప్రతి నిమిషానికీ ఫోను పల్సు పడుతుంది, ఆ డబ్బు తీగ యజమానికి పోతుంది. సత్యం ఆన్‌లైన్‌కి మిగిలేది గంటల ప్యాకేజీ డబ్బు మాత్రమే. అంటే యార్డు మీది కాదు, కాటా మీది కాదు, గోడౌను మీది కాదు. మధ్యలో కమీషను ఒక్కటే మీది. పైగా లైసెన్సుకి ప్రభుత్వం పెద్దగా ఫీజు పెట్టలేదు కాబట్టి కమీషను కొట్లు వరసగా తెరుచుకున్నాయి. 2000లో కాల్‌టైగర్ అని ఒక కంపెనీ ఇంటర్నెట్ ఉచితంగానే ఇస్తానంది. పక్క కొట్టువాడు కమీషనే వద్దంటే ఇక మీరేం బేరం చేస్తారు?

దీనికి సిఫీ వెతుక్కున్న జవాబే సైబర్ కేఫ్. పేరు ఐవే. ఇంటికి తీగ లేకపోతే జనాన్నే తీగ దగ్గరికి రప్పిద్దాం అనుకున్నారు. మేడ మీద చిన్న యాంటెన్నా పెట్టి గాలిలోంచి సిగ్నలు ఇచ్చేవాళ్ళు, కాబట్టి టెలిఫోన్ శాఖ తీగతో పని లేదు. ఇది నిజంగా మంచి ఆలోచన. చాలావరకు ఫ్రాంచైజీ పద్ధతి. కంప్యూటర్లు, షాపు అద్దె, యూపీఎస్, కరెంటు బిల్లు షాపువాడివి. పేరూ కనెక్షనూ సిఫీవి. దేశం మొత్తం మీద 3 వేల పైచిలుకు కేఫులయ్యాయి.

2002 ఏప్రిల్ 1 నుంచి కంప్యూటర్ మీద నుంచి విదేశాలకి ఫోను చేసుకోవడం చట్టబద్ధమైంది. మన జిల్లాల్లో ఇంటర్నెట్ సెంటర్‌కి అసలు గిరాకీ అక్కడే వచ్చింది. తెనాలి, నరసరావుపేట, చీరాల, ఎక్కడ చూసినా ఊరికో ఇద్దరు అమెరికాలో ఉండేవాళ్ళు. మామూలు ఐఎస్డీ రేటులో చిన్న భాగానికే కొడుకుతో మాట్లాడొచ్చు. మౌసు ఎప్పుడూ పట్టని పెద్దమ్మలు కూడా వచ్చి కూర్చున్నారు. ఎంసెట్ రిజల్టు రోజయితే చెప్పక్కర్లేదు, మెట్ల దాకా క్యూ.

మరి అది ఎందుకు నిలవలేదు? మొదట్లో గంటకి అరవై, డెబ్బై ఉన్న రేటు పోటీ మీద పది, పదిహేనుకి దిగింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ తెచ్చింది, నెలకి 500 రూపాయల ప్లాన్లతో. తీగ యజమానే నేరుగా ఇంట్లోకి ఇంటర్నెట్ తెచ్చి పెట్టాడు. ప్రైవేటు కంపెనీలు కూడా ఆ రాగి తీగని అద్దెకి తీసుకుని వాడుకునేలా చూడమని ట్రాయ్ సిఫారసు చేసింది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో ప్రభుత్వం దానికి ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఇండియావరల్డ్ కంటే ఇదే పెద్ద దెబ్బ. ఇండియావరల్డ్‌తో ఒకసారి సొమ్ము పోయింది. దీంతో రోజువారీ ఆదాయానికి దారి మూసుకుపోయింది.

2003లో కంపెనీ పేరులోంచి సత్యం తీసేసి సిఫీ లిమిటెడ్ అని పెట్టుకున్నారు. 2005 నవంబరులో సత్యం కంప్యూటర్స్ తన దగ్గరున్న 31.61 శాతం వాటా మొత్తం అమ్మేసి బయటికొచ్చింది. వాటాకి 5 డాలర్ల 60 సెంట్లు. మొత్తం 6 కోట్ల 26 లక్షల డాలర్లు. ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1999లో ఇండియావరల్డ్ సైట్లకి ఇస్తామన్నది 11 కోట్ల 50 లక్షల డాలర్లు. ఆరేళ్ళ తర్వాత సిఫీలో దాదాపు మూడో వంతు అమ్మితే వచ్చింది దాంట్లో సగం పైచిలుకు. ఇందులో సిఫీతోపాటు ఇండియావరల్డ్ సైట్లూ, వేల కేఫులూ అన్నీ కలిసే ఉన్నాయి.

కొన్నది కూడా తెలుగువారే, రాజు వేగేశ్న. సిలికాన్ వ్యాలీలో సర్వర్‌వర్క్స్ అనే చిప్‌ల కంపెనీ పెట్టి 2001లో బ్రాడ్‌కామ్‌కి అమ్మిన మనిషి. ఆయన వచ్చాక కేఫుల మీద ఆశ తగ్గింది, కంపెనీలకి నెట్‌వర్కులు, డేటా సెంటర్ల వైపు మళ్ళారు. 2007లో పేరు సిఫీ టెక్నాలజీస్ అయింది. ఈ మలుపే దాన్ని బతికించింది. సత్యం స్కాం బయటపడే నాటికి సిఫీకి ఆ ఇంటితో సంబంధం తెగి మూడేళ్ళు దాటింది.

సిఫీ బతికింది గానీ, బోర్డు కట్టుకున్న షాపువాళ్ళ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కంపెనీకి వ్యాపారం మార్చుకునే వీలుంది. అప్పు చేసి పది కంప్యూటర్లు కొన్నవాడికి ఏముంది? 2011 నిబంధనలతో గుర్తింపు కార్డు చూడాలి, వచ్చినవాళ్ళ వివరాలు ఏడాదిపాటు దాచాలి అన్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక లోపలికొచ్చేవాడే లేడు. కొంతమంది జిరాక్సు మిషను పెట్టుకున్నారు. కొంతమంది మీసేవ, పాన్ కార్డు దరఖాస్తులు, పంట బీమా ఫారాలు నింపిపెట్టడం. ఇవాళ ఏ మండల కేంద్రంలోనైనా ఆన్‌లైన్ పనులు చేసే షాపుకెళ్ళి పాత సంగతులు అడగండి, కొన్నిచోట్ల చెక్క అరలు తీసేసిన గుర్తులు గోడల మీద ఇంకా ఉంటాయి.

సిఫీ ఇప్పటికీ నాస్‌డాక్‌లోనే ఉంది. 2025 అక్టోబరులో విశాఖలో 1,500 కోట్ల రూపాయలతో డేటా సెంటరు, సముద్రపు కేబుల్ ఒడ్డుకి చేరే స్టేషను కట్టడానికి శంకుస్థాపన జరిగింది. ఈసారి కేబుల్ దిగే చోటే కొట్టు పెడుతున్నారు. డయలప్ రోజుల్లో వాళ్ళ దగ్గర లేనిది సరిగ్గా అదే.