మూడామడల దూరపు కొలువు

"సార్, శంషాబాదుల లారీ డ్రైవరు పని దొరికింది. రోజూ ఇంటికెంచి పోయి రావాలె. పోవాల్నా, వద్దా? మీరే చెప్పుండ్రి" అని మొన్న ఒక పూర్వవిద్యార్థి మా ఇంటికి వచ్చి అడిగినాడు. గణవిభజన నేర్పినవాడికి కూడికలు, తీసివేతలు కూడా బాగా వచ్చునని వాని నమ్మకం కాబోలు. వానిది బాలానగరం దగ్గరి తండా. బాలానగరమంటే హైదరాబాదులోని పారిశ్రామికవాడ కాదు. బెంగుళూరు రహదారిలో షాద్‌నగరు దాటిన తరువాత వచ్చే ఊరు. అక్కడినుండి శంషాబాదుకు 40 కిలోమీటర్ల పైచిలుకు.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించుకొని చెబుతానన్నాను. వాడు వెళ్లిపోయిన తరువాత నా మనస్సు వాని జీతం మీదికి కాక, వాని ముత్తాతల మీదికి పోయింది. ఎందుకంటే సరుకు మోయడం వాని వంశానికి కొత్త వృత్తి కాదు.

లవణ శబ్దం నుండి లమాణీ, లంబాడీ అనే పేర్లు వచ్చినవని కొందరంటారు. బంజారా అన్నదానికి వాణిజ్యం మూలమని మరికొందరి మాట. ఏ వ్యుత్పత్తిని ఒప్పుకున్నా వారి వృత్తి మాత్రం తేటపడుతుంది. ఎద్దు వీపున రెండు వైపులా వ్రేలాడే జంటసంచిని మనవాళ్లు కంట్లం అన్నారు. ఆ కంట్లాలలో ధాన్యం, ఉప్పు వేసుకొని శతాబ్దాలపాటు దక్కను దారులలో తిరిగినవారు వీరు. గోలకొండ వజ్రాల కోసం పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడారులను గురించి వ్రాశాడు. ఇరుకు దారిలో అటువంటి బిడారు ఎదురైతే అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట! నేటి శంషాబాదు కూడలిలో అరగంట ఆగవలసివస్తే హారను మ్రోగించి చంపే మనకు ఆ ఓర్పు ఎక్కడిది?

అయితే టావెర్నియే చెప్పిన ఇంకొక సంగతి నాకు ముఖ్యమనిపించింది. వారు భార్యాబిడ్డలతో, గుడారాలతో సహా ప్రయాణించేవారు. అంటే సరుకుతోపాటు ఇల్లూ నడిచేది. మేత మేపుకుంటూ పోయే ఎద్దు రోజుకు ఒక ఆమడ నడిస్తే ఎక్కువ. ఆమడ అంటే నాలుగు క్రోసులు, సుమారు ఎనిమిది మైళ్లు. పొద్దు వాలేసరికి ఎక్కడ కంట్లం దించితే అదే మజిలీ, అదే ఇల్లు. వంట అక్కడే, నిద్ర అక్కడే. "పనికి పోయి రావడం" అనే మాటకు వారి బ్రతుకులో అర్థమే లేదు. ఆ బ్రతుకు సుఖమైనదని నేననను. కరువులు, దొంగలు, దారిలో పురుళ్లు, దారిలోనే చావులు. కాని పని వేళకూ ఇంటి వేళకూ నడుమ ఎవరికీ లెక్కకు రాని వేళ ఒకటి ఉండేది కాదు.

1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1916లో కాచిగూడ స్టేషను కట్టారు. మహబూబునగరు వైపు పోయే రైలు అక్కడినుండే. రైలు ముందు ఎద్దు నిలువలేదు. బిడారులు ఆగిపోయి, తండాలు ఉన్నచోటనే ఊళ్లయినవి. పైగా సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే చట్టాన్ని ఆంగ్ల ప్రభుత్వం 1871లోనే తెచ్చింది. 1932లో నిజాము రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించారు. ఇక్కడ డిపో అనే మాట వస్తుంది. బండి డిపోలో ఉంటుంది, మనిషి ఇంట్లో ఉంటాడు. మనిషే బండి దగ్గరికి పోవాలి. బిడారు కాలానికీ మన కాలానికీ అసలు తేడా ఇదేనని నాకు తోస్తున్నది.

శంషాబాదు పేరు పైగా ప్రభువుల శంషుల్ ఉమరా బిరుదు నుండి వచ్చిందంటారు. షాద్‌నగరుకు మహారాజా కిషన్ ప్రసాదు కవితానామం 'షాద్' మూలమట. షాద్ అంటే సంతోషం. (ఒక కవి కలంపేరు ఊరిపేరు కావడం తెలుగు పండితునికి కొంచెం అసూయ కలిగించే విషయమే.) ఈ ప్రాంతపు రూపు మారింది మాత్రం 2008 మార్చి 23న విమానాశ్రయం తెరచిన తరువాత. సుమారు 5,500 ఎకరాలు. అదే ఏడాది నుండి దశలవారీగా తెరచిన 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి తోడైంది. గోదాములు, లారీల అడ్డాలు వెలిసినవి. ఆ వలయ రహదారి మీదికి ద్విచక్రవాహనాలను రానివ్వరు. లారీకి దారి ఇచ్చిన రోడ్డు, లారీ నడిపేవాడు ఇంటికి పోయే బండికి దారి ఇవ్వదన్నమాట.

ఇక మా వాని పని ఏమిటో వినండి. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కర్మాగారాలున్నవి. అక్కడ సరుకు ఎక్కించుకొని శంషాబాదు విమానాశ్రయంలో దించాలి. పోలేపల్లి వాని తండాకు దక్షిణాన, శంషాబాదు ఉత్తరాన. వాడు తెల్లవారుజామున లేచి, మోటారుసైకిలు మీద శంషాబాదు పోయి, ఖాళీ లారీ తీసుకొని, మళ్లీ తన తండా ముందునుండే పోలేపల్లికి పోవాలి. సరుకుతో మూడవసారి అదే తండా దాటాలి. రాత్రి లారీని అడ్డాలో అప్పగించి నాలుగవసారి మోటారుసైకిలు మీద ఇల్లు చేరాలి. ఇది విని మొదట నవ్వొచ్చింది; తరువాత రాలేదు.

కాగితం మీద లెక్క వేశాను. ఊళ్లో ట్రాక్టరు నడిపితే వచ్చే దానికంటే ఈ జీతం నెలకు 7,000 ఎక్కువ. రానూపోనూ 88 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు. లీటరు నూరు దాటిన ధరలో పెట్రోలుకే దాదాపు 5,000. రెండు చక్రాలవానికి రాయికల్ దగ్గర టోలు లేదు, అంతవరకు మేలు. మిగిలేది 2,000. దానికి రోజుకు రెండున్నర గంటల దారి. నెలకు 65 గంటలు. గంటకు ముప్పై రూపాయలు! టైర్లు, ఆయిలు ఇందులో కలపలేదు.

డబ్బు సంగతి అట్లా ఉంచి, నిద్ర సంగతి నన్ను భయపెట్టింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అన్నది. ఒకనాటి పని ముగిసి మరునాటి పని మొదలయ్యే లోపల కనీసం తొమ్మిది గంటలు ఎడతెగని విశ్రాంతి ఉండాలన్నది. దాన్ని తరువాత 2020 నాటి కార్మిక స్మృతిలో కలిపివేశారు. ఆ తొమ్మిది గంటలు అడ్డా దగ్గర మొదలై అడ్డా దగ్గరే ముగుస్తవి. మధ్యలో దారికి రెండున్నర గంటలు పోతే మిగిలేది ఆరున్నర. స్నానం, భోజనం, పిల్లవాని ముఖం చూడడం, నిద్ర, అన్నీ అందులోనే. ఆ నిద్రతో వీడు రెండు బండ్లు నడపాలి, అందులో ఒకటి లారీ.

వాడు మళ్లీ వచ్చినప్పుడు ఈ కాగితం చేతికిచ్చి, "బిడ్డా, పని వద్దనను. రాత్రిపూట లారీని పోలేపల్లిలోనో, మీ బాలానగరంలోనో ఉంచనిస్తాడేమో యజమానిని అడుగు. ఒప్పుకుంటే పో. లేకుంటే ఈ రెండువేలకు పోవద్దు" అన్నాను. "మా తాత అయితే ఎద్దును ఇంటి ముందటనే కట్టేసుకునేటోడట సార్" అని నవ్వాడు. మా ఇంటావిడ ఇచ్చిన చాయ్ తాగి, కాగితం మడిచి జేబులో పెట్టుకొని పోయాడు.

వాడు అడిగాడు. బండి పోతే ఎవరు పూచీ అన్నాడట యజమాని. దసరా తరువాత చూద్దామని కూడా అన్నాడట. అప్పటివరకు మా వాడు ఊళ్లో ట్రాక్టరు మీదనే ఉన్నాడు.