‘డైహార్డ్’: ఒక జగమొండి మాట కథ

సినిమా అభిమానులు తమను తాము ‘డైహార్డ్ ఫ్యాన్స్’ అని గర్వంగా చెప్పుకోవడం మనకు అలవాటైన విషయమే. మన ‘జగమొండి’కి ఇంగ్లీషులో ఇంతకంటే దగ్గరి మాట నాకు కనబడలేదు. అయితే ఈ మాట తొలిరోజుల్లో తిరిగిన చోటు ఉరికంబం.

పద్దెనిమిదవ శతాబ్దపు లండన్‌లో ఉరిశిక్షలు జనం చూస్తుండగానే అమలయ్యేవి. చచ్చే ముందు నేరస్థుడు పశ్చాత్తాపపడాలని మతగురువులు ఆశించేవారు. భయం గానీ పశ్చాత్తాపం గానీ చూపకుండా ప్రాణం విడవడాన్ని ‘డై హార్డ్’ అనేవారు. 1785లో తొలిసారి అచ్చయిన ఫ్రాన్సిస్ గ్రోస్ వీధిభాషా నిఘంటువు ఈ మాటకు చెప్పే అర్థం ఇదే.

దొంగల మాటకు గౌరవం తెచ్చింది యుద్ధం. 1811 మే 16న స్పెయిన్‌లోని అల్బ్యూరా వద్ద బ్రిటిష్, స్పానిష్, పోర్చుగీసు సేనలు నెపోలియన్ సైన్యాన్ని ఎదుర్కొన్నాయి. 57వ రెజిమెంటు అధిపతి విలియం ఇంగ్లిస్ తీవ్రంగా గాయపడి కూడా రణరంగం వదలక, ‘డై హార్డ్’ అంటూ తన సైనికులను హెచ్చరించాడని ప్రతీతి. సుమారు 570 మందిలో 400 మందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. నాటి నుండి అది ఆ రెజిమెంటుకు బిరుదైంది.

నూరేళ్ళకు ఆ బిరుదు ఎగతాళిగా మారింది. చట్టాలను శాశ్వతంగా అడ్డుకునే అధికారాన్ని ప్రభువుల సభ నుండి తొలగించే బిల్లు 1911లో వచ్చింది. చివరిదాకా ససేమిరా అన్న ప్రభువులకు ‘డైహార్డ్స్’ అని పేరు పడింది. ఆగస్టు 10న 131–114 ఓట్లతో వారు ఓడిపోయారు. 1930లలో భారతదేశానికి స్వపరిపాలన ఇవ్వరాదని పట్టుబట్టిన చర్చిల్ వర్గాన్నీ అదే పేరుతో పిలిచారు. వారు కాదన్నా 1935 చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలున్న మద్రాసు రాష్ట్రంలో 1937 ఎన్నికలు దాని కిందనే జరిగాయి.

దొంగ, సైనికుడు, ప్రభువు: ముగ్గురికీ ఒకటే మాట. మనకైతే పట్టుదల వేరు, మంకుపట్టు వేరు. కానీ వాడుకలో, మనవాడు పట్టు విడవకపోతే పట్టుదల, ఎదుటివాడు విడవకపోతే మంకుపట్టు! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు కూడా తనది పట్టుదల అనే అనుకుంటాడు.

ఈ రెంటినీ వేరుచేసే గీటురాయి ఒకటుందని నాకు తోస్తుంది: ఆ పట్టుకు మూల్యం చెల్లించేదెవరు? అల్బ్యూరా సైనికుడు తన ప్రాణాన్ని పణంగా పెట్టాడు. ప్రభువులూ, చర్చిల్ వర్గమూ పణంగా పెట్టినవి ఇతరుల హక్కులు.