నియంత్రిత మందుల అమ్మకం, నమోదు: భారతదేశంలో నిబంధనల చరిత్ర

మత్తు కలిగించే మందులు, అలవాటుపడే స్వభావమున్న మందులు ఎవరి నుంచి ఎవరికి చేరాయో రాసి ఉంచాలన్న నిబంధనలు భారతదేశంలో రెండు పాయలుగా ఎదిగాయి. ఒకటి నల్లమందు చట్టాలది. 1857, 1878 నాటి చట్టాలు ప్రధానంగా గసగసాల సాగు, నల్లమందు అమ్మకం, సర్కారు రాబడి చుట్టూ తిరిగాయి. 1925 జెనీవా ఒప్పందం తరువాత 1930లో ప్రమాదకర మందుల చట్టం వచ్చింది. రెండో పాయ మందుల నాణ్యతకు సంబంధించినది. రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన 1930–31లో పనిచేసిన విచారణ సంఘం సిఫార్సుల ఫలితంగా 1940లో ఔషధ చట్టం, 1945లో దాని నియమాలు వెలువడ్డాయి.

మందుల షాపులో నేటికీ నడిచే పద్ధతికి మూలం ఈ 1945 నియమాలే. డాక్టరు చీటీపై అమ్మే మందుకు క్రమసంఖ్య, తేదీ, డాక్టరు పేరు, రోగి పేరు, చిరునామా, మందు పేరు, పరిమాణం నమోదు కావాలి. ఫార్మసిస్టు సంతకం చేయాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరు రాస్తే తప్ప ఒకే చీటీపై రెండోసారి మందు ఇవ్వకూడదు. అందుకే షాపు పేరు, ఇచ్చిన తేదీ చీటీపైనే, డాక్టరు సంతకానికి పైభాగాన రాయాలంటుంది నియమం. అదే చీటీతో మరో షాపుకు వెళ్లేవారిని ఆపేది ఈ చిన్న రాతే. 1982లో చేర్చిన ఎక్స్ షెడ్యూలు మందులకు కట్టుబాట్లు ఇంకా ఎక్కువ: వేరే లైసెన్సు, తాళం వేసిన ప్రత్యేక బీరువా, రెండు ప్రతుల చీటీ. అందులో ఒక ప్రతిని షాపువారు రెండేళ్లు దాచాలి.

1985 నవంబరులో అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) పాత నల్లమందు చట్టాల స్థానాన్ని తీసుకుంది. కఠిన శిక్షల భయం, రాష్ట్రానికో రకంగా ఉన్న లైసెన్సుల చిక్కు కలవడంతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించుకోవడమే మానేశాయి. 1985లో దేశంలో సుమారు 600 కిలోలున్న వైద్య వినియోగం 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. ప్రభుత్వ కర్మాగారాల్లో మార్ఫిన్ తయారవుతున్న దేశంలోనే క్యాన్సర్ రోగులు నొప్పితో విలవిల్లాడారు. ఇది ఆ చట్టం వల్ల జరిగిన పెద్ద అన్యాయం. 1998లో కేంద్రం నమూనా నియమాలు పంపినా అన్ని రాష్ట్రాలూ వాటిని స్వీకరించలేదు. 2014 సవరణ మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ సహా కొన్నింటిని అత్యావశ్యక మాదక ఔషధాలుగా గుర్తించే వీలు కల్పించి దేశమంతటికీ ఒకే విధానం తెచ్చింది. గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఏటా తన అవసరాన్ని అంచనా వేసి తెలపాలి. వచ్చిన సరుకుకూ వాడకానికీ లెక్క రాయాలి. అనేక లైసెన్సుల స్థానంలో ఈ గుర్తింపు ఒక్కటే చాలు.

మందుల షాపుల వైపు, 1945 నియమాలకు చేర్చిన హెచ్1 షెడ్యూలు 2014 మార్చి 1న అమలైంది. మొదట 46 మందులు చేరాయి: కొన్ని యాంటీబయోటిక్‌లు, క్షయ మందులతో పాటు కోడీన్, డయాజెపామ్, అల్ప్రాజోలం వంటివి. వీటికి విడి రిజిస్టరు ఉండాలి, దాన్ని మూడేళ్లు భద్రపరచాలి. తెలంగాణలో కల్లు కల్తీకి వాడుతూ పట్టుబడుతున్న అల్ప్రాజోలం విషయంలో, సరుకు ఎక్కడ దారి మళ్లిందో పసిగట్టడానికి ఇలాంటి రిజిస్టర్లు, బిల్లులు తోడ్పడతాయి. హెచ్1లో ఉన్న నొప్పి మాత్ర ట్రమడాల్‌ను దుర్వినియోగం కారణంగా 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి కూడా తెచ్చారు.