లేహ్‌లో మొదటి రెండు రోజులు బైక్ ఎందుకు తీయకూడదు? ఈ రూల్ వెనకున్న సైనికుల కథ

లదాఖ్ ట్రిప్ ప్లాన్ చేసే ప్రతి గ్యాంగ్‌లోనూ ఒక గొడవ కామన్. "ఉన్నదే వారం లీవు, అందులో రెండు రోజులు లేహ్‌లో ఊరికే పడుకోవాలా?" అని ఎవడో ఒకడు అడుగుతాడు. దానికి జవాబు కావాలంటే ఒక డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో శ్రీనగర్ నుంచి లేహ్‌కి మోటారు రోడ్డు లేదు. గుర్రాల మీద, కాలినడకన వెళ్లే వ్యాపారులకి రెండు వారాలకు పైనే పట్టేది. కష్టమే, కానీ అందులో ఒక మేలుంది. రోజుకి కొంచెం కొంచెం ఎక్కుతుంటే ఒంటికి ఆ గాలి అలవాటైపోయేది.

1948లో సీన్ మారింది. మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని లేహ్‌లో దించారు. అంటే ఆ ఊరికి రోడ్డు కంటే ముందు విమానం వచ్చింది! అదే ఏడాది నవంబర్ 1న జనరల్ తిమ్మయ్య ఆధ్వర్యంలో మన సైన్యం 11,500 అడుగుల జోజి లా కనుమ దాకా ట్యాంకులే ఎక్కించేసింది. అక్కడి భాషలో 'లా' అంటే కనుమ. 1960 మే 7న బోర్డర్ రోడ్స్ సంస్థ, అంటే మనందరికీ తెలిసిన బీఆర్‌ఓ, పుట్టింది.

తర్వాత 1962 చైనా యుద్ధం. మైదానాల నుంచి వేల మంది జవాన్లని హడావిడిగా కొండల మీదికి చేర్చాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, గట్టి ఒళ్లు. అయినా చాలామంది తలనొప్పి, వాంతులు, ఆయాసంతో పడిపోయారు. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, కొందరు చనిపోయారు. వాళ్లని ఆపింది శత్రువు తూటా కాదు, పల్చటి గాలి.

సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు ఈ కేసుల్ని శ్రద్ధగా రాసిపెట్టారు. 1,925 మంది సైనికుల మీద వాళ్ల పరిశీలన 1969లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఎత్తు జబ్బు గురించి ప్రపంచానికి తెలిసిన దాంట్లో పెద్ద భాగం మన జవాన్ల ఒంటి మీద నేర్చుకున్నదే. ఇందులో రైడర్ పట్టుకోవాల్సిన పాయింట్ ఏంటంటే, జబ్బు దిగగానే కనపడదు, కొన్ని గంటలు ఆగి బయటపడుతుంది. అందుకే ఎయిర్‌పోర్ట్‌లో "నాకేం కాలేదు బ్రో" అన్నవాడు రాత్రికి మంచం పడతాడు.

1974లో లదాఖ్‌లోకి టూరిస్టులని అనుమతించారు. 1989లో మనాలి–లేహ్ రోడ్డు మామూలు జనానికి తెరిచారు. 2020 అక్టోబర్ 3న 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ వచ్చి, రోహ్‌తంగ్ ఎక్కి దిగే గంటల ప్రయాణాన్ని నిమిషాలకి తెచ్చింది. రోడ్డుకి వెర్షన్ మీద వెర్షన్ వచ్చింది. మన ఒళ్లు మాత్రం ఆ గుర్రాల కాలం నాటి వెర్షనే. వైజాగ్‌లో సముద్రం పక్కన పొద్దున్న ఫ్లైట్ ఎక్కినవాడు, ఆ రోజే కనెక్షన్ దొరికితే సాయంత్రానికి 11,500 అడుగుల మీద ఉంటాడు. ఆ వ్యాపారి రెండు వారాల్లో ఎక్కిన ఎత్తు ఇది!

సరే, ఏం చేయాలి? ఫ్లైట్‌లో వెళ్తే రెండు రోజులు పూర్తి రెస్ట్, నీళ్లు బాగా తాగాలి, మందు ముట్టొద్దు. బైక్ మీదే వెళ్తుంటే శ్రీనగర్, కార్గిల్ రూట్ నిదానంగా ఎక్కుతుంది. మనాలి వైపు నుంచైతే టన్నెల్ దాటామన్న ఊపులో అదే రోజు 14,000 అడుగుల సర్చూ చేరి పడుకోవద్దు, కేలాంగ్‌లోనో జిస్పాలోనో ఆగండి. 10,000 అడుగులు దాటాక, పడుకునే చోటు రోజుకి 1,600 అడుగుల కంటే ఎక్కువ పెరగకూడదన్నది డాక్టర్ల లెక్క. డయామాక్స్ లాంటి మాత్రలు డాక్టర్ని అడిగే వేసుకోండి.

లేహ్ నుంచి ఖర్దుంగ్ లా 40 కిలోమీటర్లే, కానీ ఆ కాస్త దూరంలో 6,000 అడుగులు ఎక్కుతాం. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండే దాంట్లో సగమే. ఇంజిన్ పవర్ కూడా పడిపోతుంది, కాబట్టి ఓవర్‌టేక్ చేసేటప్పుడు కింద అలవాటైన పికప్‌ని నమ్ముకోవద్దు. ఫోటో తీసుకుని త్వరగా దిగిపోండి. మంచు కరిగి రోడ్డు మీదికి వచ్చే వాగులు పొద్దున్నే తక్కువగా, మధ్యాహ్నానికి ఉధృతంగా ఉంటాయి. వాటిని తొందరగా దాటేయాలి.

చివరగా, పక్కవాడిని గమనించండి. కూర్చున్నా ఆయాసం, తడి దగ్గు, పెదాలు నీలం రంగు, తాగినట్టు తూలడం, తికమక మాటలు, వీటిలో ఏది కనపడినా వాడిని బైక్ నడపనివ్వొద్దు. ఆక్సిజన్ ఉంటే పెట్టి, వెంటనే ఏదో ఒక బండిలో కిందికి దించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

కాబట్టి మీ గ్యాంగ్‌లో ఆ రెండు రోజుల గొడవ మళ్లీ వస్తే, 1962 జవాన్ల కథ చెప్పండి. వాళ్లకి ఆగే టైమ్ దొరకలేదు. మనకి ఉంది.