తేనీటి సహజగంధము

తేయాకునకు అన్యపరిమళము చేర్పవచ్చునా యను చర్చ నేటిది కాదు. 8వ శతాబ్దిన చీనా దేశీయుడగు లూ యూ 'చా జింగ్' అను గ్రంథమున ఉల్లి, అల్లము, నారింజతొక్క, పుదీనా వేసి కాచిన తేనీటిని మురుగుకాలువ నీటితో పోల్చినాడు. (మరుగునీట ఉప్పు వేయుమన్నవాడును అతడే!)

సుమారు 1050లో ఛాయ్ శ్యాంగ్ రచించిన 'చా లూ' మాకు అంతకన్న విలువైనదిగా తోచుచున్నది. చక్రవర్తికి కానుకగా పోవు తేయాకు ముద్దలో కొలదిగా పచ్చకర్పూరము కలుపుదురనియు, ఫూజియన్ ప్రాంతపు జియాన్ఆన్ ప్రజలు మాత్రము తమలో తాము తేనీటిని పరీక్షించునపుడు ఏ పరిమళమును చేర్పరనియు, చేర్చినచో సహజగంధము నశించునని వారి భయమనియు అతడు వ్రాసినాడు. ఇట్లు వ్రాసినవాడు ఆ కానుక తేయాకు తయారీని స్వయముగా పర్యవేక్షించిన అధికారి. కావున ఈ సాక్ష్యము తేలికగా త్రోసివేయదగినది కాదు.

మన యిండ్లలో పొడిటీని పాలతో మరిగించుట వాడుక. అందు రంగు, వగరు నిలుచును గాని ఆకు గంధము నిలుచుట అరుదు. అల్లముతో, ఏలకులతో, ఏమియు లేక వేర్వేరుగ కాచి రుచి చూచితిమి. పొడిటీకి అల్లము మేలే చేసినది. పాలు కలుపని డార్జిలింగ్ ఆకు విషయమున మాత్రము జియాన్ఆన్ వారి భయము నిజమైనది.